ఉలవలు పరిచిన రోడ్డు

పన్ను నొప్పికని డాక్టరు దగ్గరికి వెళ్లి ఇంకో నొప్పి తెచ్చుకున్నాను.

నా వంతు వచ్చేదాకా కూర్చోమన్నారు. టీపాయి మీద ఎప్పటివో ఆదివారం పుస్తకాలు పడున్నాయి. ఒకటి తీశాను. మధ్య పేజీల నిండా అమెరికాలోని ఒక పాత రోడ్డు గురించి రాశారు. ఆ దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి కలిపిన రోడ్డట. తర్వాత పక్కనే పెద్ద రోడ్లు పడి, దీని మీద బళ్లు తిరగడం మానేశాయట. అయినా అక్కడివాళ్లు దాన్ని వదల్లేదు. తుప్పు పట్టిన పెట్రోలు బంకుకి మళ్లీ ఎర్ర రంగు వేయించారు. లారీ డ్రైవర్లకి వండిపెట్టిన ఒక ముసలామె హోటలుని బల్లలతో, గిన్నెలతో సహా అలాగే నిలబెట్టారు. ఏ వంతెన బాగుచేస్తున్నారో, ఏ ఊళ్లో పాత దీపాల బోర్డు మళ్లీ వెలిగిందో చెప్పడానికి ఆ ఒక్క రోడ్డు కోసమే ఒక పత్రిక కూడా నడుస్తోందట. ప్రపంచం నలుమూలల నుంచీ జనం మోటారు సైకిళ్ల మీద వచ్చి, ఆ ముసలామె బల్ల దగ్గర కూర్చుని ఫోటోలు దిగి వెళ్తారట.

చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. అమెరికావాళ్ల మీద కాదు. వాళ్ల రోడ్డు, వాళ్ల ముచ్చట. ఆ వ్యాసం రాసిన మన తెలుగాయన మీద. అంత దూరం విమానమెక్కి వెళ్లి, ఆ హోటల్లో కూర్చుని, కళ్లు చెమర్చాయని రాశాడు. ఆయన గుంటూరు నుంచి ఒంగోలు ఎన్నిసార్లు వెళ్లుంటాడు? మా రోడ్డు పక్క నుంచే కదా పోయుంటాడు? ఒక్కసారైనా కారు అద్దం దించి ఇటు చూశాడా?

"ఏంటి మేడం, నొప్పి బాగా ఎక్కువగా ఉందా?" అంది కౌంటరు దగ్గర అమ్మాయి. పళ్లు కొరుకుతున్నానని నాకు అప్పుడు తెలిసింది.

మద్రాసు నుంచి కలకత్తా పోయే రోడ్డు ఒకప్పుడు మా పేట ముందు నుంచే పోయేది. మార్టూరుకి అంత దూరమేం కాదు. రోడ్డుకి అటు ఊరు, ఇటు మా క్రిస్టియన్ పేట. మా అమ్మ పట్నంలో ఒక ఆసుపత్రిలో ఆయా కావడంతో నేను అమ్మమ్మ దగ్గర పెరిగాను. అమ్మమ్మ రోడ్డు వారన తాటాకు పాక వేసి హోటలు నడిపేది. దానికి పేరూ లేదు, బోర్డూ లేదు. డ్రైవర్లు మాత్రం దాన్ని 'చింతల మలుపు హోటలు' అని అటు మద్రాసులోనూ ఇటు బెజవాడలోనూ చెప్పుకునేవాళ్లట.

హోటలు పెట్టక ముందు అమ్మమ్మ మిరప కోతలకి వెళ్లేది. పండుమిరపకాయలు కోసిన చేతులు ఎట్లా మండుతాయో కోసినవాళ్లకే తెలుసు. మజ్జిగలో ముంచినా, నూనె రాసినా తెల్లారేదాకా మంటే. మా అమ్మకి చిన్నప్పుడు కోతల కాలమంతా అన్నం కలిపి పెట్టడానికి లేదు, ఏడిస్తే కళ్లు తుడవడానికి లేదు. అమ్మమ్మ ఆ మాట ఎన్నిసార్లో చెప్పేది.

"కన్న బిడ్డ మొహాన చెయ్యి పెట్టలేని కూలి అది. నేను పొయ్యిలో చెయ్యి పెడతా గానీ మళ్లా ఆ చేలో పెట్టను" అనేది. నాకు మాత్రం ముద్దలు కలిపి, ఒక్కో ముద్దా నోట్లో పెట్టి తినిపించేది. ఆ వయసొచ్చిన పిల్లకి ఇంకా తినిపించడమేంటని పేటలో ఆడవాళ్లు నవ్వేవాళ్లు. నాకేం సిగ్గు లేదు.

తెల్లవారుజామునే పొయ్యి ముందు మోకరించి ప్రార్థన చేసేది. ఆ ప్రార్థనలో చర్చి అయ్యగారికంటే డ్రైవర్లే ముందు ఉండేవాళ్లు. వాళ్ల కళ్లకి నిద్ర రానీయొద్దనీ, వాళ్ల టైర్లని కాపాడమనీ అడిగేది. ఆ తర్వాతే అగ్గిపుల్ల గీసేది. కాసేపటికి ఉలవలు ఉడికే వాసన, గోంగూర తాలింపు వాసన, ఎండు రొయ్యలు వేయించే వాసన కలిసి పాకంతా నిండేవి. వాటి మీదుగా డీజిలు వాసన. మిరప టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకున్న లారీ పోయిందంటే ఆ వెనకే రోడ్డు పొడుగునా తుమ్ములు వినిపించేవి. పాకలో కూర్చుని తినే డ్రైవరు తుమ్ముతూనే, "అమ్మా, ఇంకొంచెం చారు పొయ్యి" అనేవాడు.

పత్తి లారీలు వచ్చే రోజులు మాకు పండగ. తొక్కి తొక్కి నింపిన ఆ లారీలు చింతకొమ్మల్ని రాసుకుంటూ పోయేవి. కొమ్మలకి తెల్లటి పింజలు వేలాడేవి. మేము ఎక్కి, దులిపి, గౌన్లలో పోసుకుని తెచ్చేవాళ్లం. నేను తలపెట్టుకున్న మొదటి దిండు అట్లా చింతచెట్లు ఇచ్చిందే.

హారన్ల సంగతి చెప్పాలి. దక్షిణం నుంచి వచ్చే లారీకి మలుపు దగ్గరే మా పాక కనపడుతుంది. ఎంతమంది తింటారో అన్నిసార్లు అక్కడ హారన్ కొట్టాలి. అది అమ్మమ్మ పెట్టిన కట్టుబాటు. పాత డ్రైవర్లు కొత్తవాళ్లకి నేర్పేవాళ్లు. వినడం నా పని. "అమ్మమ్మా, ముగ్గురు!" అని కేకేస్తే, వాళ్లు లారీ ఆపి, కాళ్లు కడుక్కుని వచ్చేసరికి విస్తళ్లు వేసి ఉండేవి. మా పిన్ని కొడుకు ఒకడు చింతచెట్టెక్కి అచ్చం లారీ హారన్ లాగే నోటితో ఊదేవాడు. మిగిలిన అన్నం మనకే వస్తుంది కదా అని వాడి ఎత్తు. అమ్మమ్మ ఎసట్లో బియ్యం పోసి, ఎంతకీ లారీ రాక, పైకి చూసి, "దిగరా నా బట్టా, నీకు డీజిలు కొట్టిస్తా" అని చీపురు తీసుకునేది.

ఆ రోడ్డు లారీలకొక్కటే కాదు, ఊరికి కళ్లం కూడా. మాఘమాసంలో ఉలవ చెట్లు పీకి, ఎండబెట్టి, బళ్ల మీద తెచ్చి రోడ్డంతా పరిచేవాళ్లు. వచ్చే పోయే లారీలు తొక్కుతుంటే కాయలు పగిలి గింజలు రాలేవి. రైతులు చెట్ల కింద కూర్చుని చుట్టలు కాలుస్తూ మధ్య మధ్య లేచి, పంగలకర్రలతో తిరగేసేవాళ్లు. సాయంత్రానికి గింజ రాలిన చెట్ల కట్టె తీసి, గింజలు ఊడ్చి, తూర్పారబట్టి పట్టుకుపోయేవాళ్లు. తారు పగుళ్లలో దిగిపోయిన ఉలవలు మాత్రం మా పేటవాళ్లవి. ఆ పరిగె ఏరిన ఉలవలతోనే అమ్మమ్మ చారు కాచేది.

"నీ చారులో మా టైర్ల రుచుంది అమ్మా" అనేవాడు ఒక తమిళ డ్రైవరు.

"అందుకేగా నీకంత నచ్చింది" అనేది అమ్మమ్మ.

ఊళ్లో పెద్దరైతు ఒకాయన ఉండేవాడు. వయసులో అమ్మమ్మ కంటే చాలా చిన్న. ఆమెని మాత్రం "ఏమే" అనే పిలిచేవాడు. ఎండలో నాలుక పిడచగట్టుకుపోయినా మా పాకలో గుక్కెడు నీళ్లు తాగేవాడు కాదు. మద్రాసు నుంచి కలకత్తా దాకా ఎవరెవరో వచ్చి తిన్న చోట, రోడ్డు దాటితే ఉండే ఈయనకి మాత్రం మైల. ఆ 'ఏమే' నాకు ఇప్పటికీ చెవిలో గుచ్చుకుంటుంది.

అట్లా ఉండగా పొలాల్లో ఎర్రజెండాలు పాతారు. ఊరిని తప్పిస్తూ కొత్త రోడ్డు వేస్తారన్నారు. గొలుసులు, మూడుకాళ్ల పీటలు పట్టుకుని మనుషులు దిగారు. వాళ్ల మీద ఒక కుర్ర ఇంజినీరు. ఎక్కడో దూరప్రాంతం నుంచి వచ్చినవాడు, ఇక్కడి కారం పడక మొదట్లో కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. అమ్మమ్మకి జాలేసింది. అతని కోసం విడిగా కారం తగ్గించి వండేది. ఉలవచారులో అందరికీ వేసే వెన్న కంటే ఇంకొంచెం ఎక్కువ వేసేది. అతను "అమ్మమ్మా" అని నోరారా పిలిచేవాడు. నాకు కుళ్లుగా ఉండేది. నా అమ్మమ్మని ఇతనెందుకు పిలవాలి?

ఒకరోజు అమ్మమ్మే అడిగింది. "బాబూ, ఆ రోడ్డు పడితే మా రోడ్డు సంగతేంది?"

అతను చారు జుర్రుకుంటూ అన్న మాట నాకు పొల్లుపోకుండా గుర్తుంది.

"రోడ్డు ఎక్కడికి పోతుంది అమ్మమ్మా? ఇక్కడే ఉంటుంది."

ఆ మాటని అమ్మమ్మ బైబిలు వాక్యంలా పట్టుకుంది. అందరికీ చెప్పింది. మా పేట ఆడవాళ్లే కొత్త రోడ్డుకి మట్టి తట్టలు మోశారు. మోస్తూనే, అది కార్లవాళ్లకీ మంత్రులకీ వేస్తున్న రోడ్డనీ, అన్నం తినాల్సిన లారీలు ఎప్పట్లాగే ఇటే వస్తాయనీ అనుకున్నారు. అటు చెట్టు లేదు, నీళ్లు లేవు, పిడికెడు మెతుకులు లేవు, లారీవాళ్లకి అక్కడేం పని అన్నారు చుట్టలు కాల్చే పెద్దలు. అమ్మమ్మ ధైర్యంగా పాకకి ఇంకో పంచ దించి, కొత్త బల్లలు చేయించింది. అది చూసి కూడా ఆ ఇంజినీరు నోరు విప్పలేదు. కొత్త బల్ల మీద మొదట కూర్చుని తిన్నది అతనే.

ఆ మాఘమాసంలో ఒక పొద్దున ఊరంతా ఉలవ చెట్లు తెచ్చి రోడ్డు మీద పరిచింది. పెద్దరైతు కట్టె అందరికంటే ఎక్కువ, మలుపు నుంచి మా పాక దాకా ఆయనదే. పరిచి, చెట్ల కిందకి చేరారు. కూర్చున్నారు.

ఏదీ రాలేదు.

రోడ్డు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఉలవ కట్టె ఎండకి చిటపటమనడం వినిపిస్తోంది. ఒక కుక్క వచ్చి రోడ్డు నడిమధ్య పడుకుంది. దాన్ని ఎవరూ లేపలేదు, లేపాల్సిన అవసరం రాలేదు.

"ఏమే, మీ లారీలోళ్లు ఎక్కడ చచ్చారే?" అన్నాడు పెద్దరైతు.

"వస్తారు బాబుగారూ. యాడో పంచరు పడుంటది" అంది అమ్మమ్మ.

అప్పుడే హారన్ వినిపించింది. దూరంగా ఉంది గానీ లెక్క తప్పలేదు.

"అమ్మమ్మా, నలుగురు!" అని అరిచాను.

అమ్మమ్మ మొహం విప్పారింది. ఎసట్లో బియ్యం పోసింది. రైతులు లేచి పంగలకర్రలు పట్టుకున్నారు. లారీ రాలేదు. కాసేపాగి మళ్లీ హారన్. "ఇద్దరు!" మళ్లీ పోసింది. అట్లా విన్నప్పుడల్లా నేను అరుస్తూనే ఉన్నాను, ఆమె పోస్తూనే ఉంది. పెద్ద డేగిసా నిండి, రెండోది పొయ్యెక్కింది.

మా పిన్ని కొడుకు చింతచెట్టు చిటారు కొమ్మకెక్కి చూశాడు. ఈసారి వాడు ఎకసెక్కం చెయ్యలేదు.

"అమ్మమ్మా, లారీలన్నీ అటు పోతున్నయ్. కొత్త రోడ్డు మీద. అక్కణ్నుంచే కొడుతున్నారు హారన్."

తర్వాత తెలిసింది. ఆ పొద్దున్నే అక్కడ రిబ్బను కత్తిరించారట. మా రోడ్డుకి రెండు కొసలా డ్రమ్ములు అడ్డం పెట్టేశారట. లారీల్ని పోలీసులు కొత్త రోడ్డు మీదకి మళ్లించారు. పాపం డ్రైవర్లకీ ముందు తెలియదు. పొలాల మీదుగా మా చింతచెట్లు కనిపించేసరికి అలవాటు కొద్దీ కొట్టారో, చెప్పి వెళ్దామని కొట్టారో. కొత్త రోడ్డుకి మట్టి మోసిన ఊళ్లో, ఫలానా రోజు మీ రోడ్డు మూస్తున్నాం అని ఒక్క మనిషితోనైనా చెప్పించలేదు! డప్పు వేయిస్తే పోయేదేముంది? పశువుల సంతకి వేయిస్తారు, వేలం పాటకి వేయిస్తారు. మా బతుకులకి ఆ డప్పు కూడా దండగే అనుకున్నారు.

అమ్మమ్మ ఏడవలేదు. రెండు డేగిసాల అన్నం వైపు చూసి, "రండయ్యా, తిందురుగాని. పారబొయ్యటానికా వండింది" అంది. ముందు మా పేటవాళ్లు కూర్చున్నారు. పొద్దెక్కేకొద్దీ ఊళ్లో చిన్నరైతులూ ఒక్కొక్కరే పాక దగ్గరికొచ్చారు. మా బల్లల మీద వాళ్లు కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. పెద్దరైతు మాత్రం చెట్టు కింద మొహం అటు తిప్పుకుని కూర్చున్నాడు. ఆకలి కంటే పౌరుషం గొప్పది మరి ఆయనకి.

ఎండ వాలుతుండగా మలుపులో దుమ్ము లేచింది. జీపు. అందులో మన ఇంజినీరు. తెల్లచొక్కా వేసుకున్నాడు, మెళ్లో ఇంకా బంతిపూల దండ ఉంది. రిబ్బను దగ్గర పెద్దల హడావుడిలో తిండి లేక, అడ్డం పెట్టిన డ్రమ్ములు జరిపించుకుని అలవాటైన చోటికి వచ్చాడు. ఉలవ కట్టె ముందు జీపు ఆగింది.

అమ్మమ్మ చేతిలో గరిటెతో రోడ్డు మీదకి వెళ్లింది. నేను ఆమె కొంగు పట్టుకుని వెనకే వెళ్లాను.

"ఆకలేస్తంది అమ్మమ్మా" అన్నాడు అతను, దిగబోతూ.

"దిగబాకు బాబూ" అంది అమ్మమ్మ. "రోడ్డు యాడికీ పోలా. నువ్వు చెప్పినట్టే ఇక్కడే ఉంది. చూడు, ఊరంతా ఉలవలు పరుచుకుని కూర్చుంది. లారీలన్నీ నువ్వు తీసుకుపోయావు. ఈ ఉలవలు ఎవరు తొక్కాల?"

అతను మెళ్లో దండ తీసి పక్కన పెట్టాడు.

"అవతల కొస దాకా పోయి రా. మళ్లా ఇటు రా. గింజ రాలిందాకా తిప్పించు. అప్పుడు దిగు. అన్నం పెడతా."

ఎవరూ నవ్వలేదు. రైతులు పంగలకర్రలు పట్టుకుని రోడ్డుకి రెండు పక్కలా నిలబడి ఉన్నారు. డ్రైవరు ఇంజినీరు వైపు చూశాడు. ఇంజినీరు తల ఊపాడు. జీపు కదిలింది.

అట్లా పొద్దు గూకిందాకా ఆ జీపు అటూ ఇటూ తిరిగింది. జీపు బరువెంత, లారీ బరువెంత? ఒక లారీ ఒక్కసారిలో రాల్చే గింజకి అది ఎన్నిసార్లు తిరగాలి? రైతులు తిరగేస్తున్నారు, జీపు తొక్కుతోంది, కొత్త తెల్లచొక్కా ఉలవ నుసితో బూడిదరంగు అయింది. పిల్లలం జీపు వెనక పరిగెత్తాం. ఆ పని చేయించినందుకు అమ్మమ్మని తిట్టేవాళ్లు ఉంటే ఉండనీ, నా బతుకులో నేను చూసిన న్యాయం ఏదన్నా ఉందంటే ఆ సాయంత్రం చూసిందే.

చివరికి అతను దిగి, కాళ్లు కడుక్కుని, బల్ల మీద కూర్చున్నాడు. అమ్మమ్మ విస్తరేసి, అన్నం పెట్టి, చారు పోసింది. కారం తగ్గించి విడిగా చేసిన కూర లేదు. వెన్న వెయ్యలేదు. అతను తలెత్తకుండా తిన్నాడు. రెండోసారి అడగలేదు, ఆమె వడ్డించలేదు. వెళ్తూ "వస్తా అమ్మమ్మా" అన్నాడు. అమ్మమ్మ విస్తరి తీయడానికి వంగింది.

పెద్దరైతు తన ఉలవలు బస్తాలకెత్తి బండి కట్టించుకుని వెళ్లిపోయాడు. ఆ ఉలవలు ఎవరి మాట మీద రాలాయో ఆయనకి తెలుసు. ఒక్క మంచిమాట అనలేదు. కనీసం ఆ "ఏమే" అయినా అనలేదు.

నాకు మాత్రం కోపం ఆగలేదు. "అతనికి అన్నం ఎందుకు పెట్టావ్?" అని అమ్మమ్మని గట్టిగా అడిగాను.

"బియ్యం పోసింది వచ్చేవాళ్ల కోసం కదే. వచ్చింది అతనొక్కడే" అంది.

ఏడాది తిరక్కముందే పాక కూలింది. కొత్త బల్లలు చర్చికి ఇచ్చేసింది. కొత్త రోడ్డు పక్కన చోటు దొరకలేదు. అక్కడ అప్పటికే వేరేవాళ్ల పక్కా హోటలు లేచింది, దాని యజమాని ఆ పెద్దరైతు బావమరిది. పొలాల మీదుగా రోడ్డు ఏ వైపు పోతుందో వాళ్లకి ముందే ఎట్లా తెలిసిందో నన్నడగొద్దు.

మొన్నామధ్య బస్సులో పోతూ పాత రోడ్డు దగ్గర ఆపమంటే, "ఏ పాత రోడ్డు?" అన్నాడు కండక్టరు. దిగి, నడిచి వెళ్లాను. చింతచెట్లు లేవు. రాళ్లకి పాలిష్ పట్టే మిల్లుల నుంచి ట్యాంకర్లు వచ్చి తెల్లటి బురద అక్కడ పోసిపోతున్నాయి. ఎండి, గట్టిపడి, మలుపంతా సున్నం కొట్టినట్టుంది. తారు ఒక్క జానెడు కూడా కనపడలేదు. రోడ్డు ఎక్కడికీ పోదన్నాడు కదా ఆ ఇంజినీరు, ఆ బురద కింద ఉండే ఉంటుంది.

డాక్టరు గది తలుపు తీసి నా పేరు పిలిచారు. ఆ పుస్తకం టీపాయి మీద బోర్లా పెట్టి లేచాను. అమెరికాలో ఆ ముసలామె పేరు బోర్డు మీద రాశారట. ఆమె వండినవేంటో, ఆమె ఎట్లా నవ్వేదో కూడా అక్కడ చెప్తారట. చెప్పనీ. మా అమ్మమ్మ సంగతి నేను చెప్తాను.

ఆమె మళ్లీ మిరప చేలోకి వెళ్లింది. పొయ్యిలోనైనా చెయ్యి పెడతానన్న మనిషి. ఆ కోతల నుంచి నాకు ముద్దలు కలిపి పెట్టడం ఆగిపోయింది. సెలవు రోజుల్లో నేనూ వెంట వెళ్లి గట్టు మీద కూర్చునేదాన్ని. రెండు చేల అవతల కొత్త రోడ్డు. ఎప్పుడో ఒక లారీ హారన్ కొట్టేది. అది ఎవరి కోసమో, ఏ గేదె అడ్డం వచ్చిందో. అమ్మమ్మ సాలులోంచి నడుమెత్తి నిలబడేది. మండే అరచెయ్యి కంటికి తగలకుండా మోచెయ్యి అడ్డం పెట్టుకుని అటు చూసేది.

"ముగ్గురే పిల్లా" అని, మళ్లీ వంగేది.